నసీమా మేడం కోపం

మొన్న సాయంత్రం మా పక్కింటి అమ్మాయి వచ్చి, "అక్కా, మీ టీపాయ్ మీది అద్దం జర ఇస్తవా, పని కాంగనే తెచ్చిస్త" అంది. ఈమధ్యే ఇంజనీరింగులో చేరిన పిల్ల. ఎందుకని అడక్కుండానే ఇచ్చాను. కాసేపటికి ఏదో పని మీద వాళ్ళింటికి వెళ్తే, హాల్లో రెండు కుర్చీల మధ్య నా అద్దం పరిచి ఉంది. దాని కింద సెల్‌ఫోన్ లైటు వెలుగుతోంది. అద్దం మీద ఎవరో గీసిన డ్రాయింగ్ షీటు, ఆ షీటు మీద ఈ పిల్ల తెల్ల షీటు. కింది గీతలు పై కాగితంలోంచి బూడిదరంగులో కనిపిస్తున్నాయి. పిల్ల వంగి, వాటి మీదే పెన్సిల్ నడిపిస్తోంది. పెన్సిల్ పొడి, రబ్బరు తురుము కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇదేంది?" అన్నాను. "గ్లాస్ ట్రేసింగ్ అక్కా, అందరు గిట్లనే చేస్తరు" అంది నవ్వుతూ. షీట్లు పక్కన పెట్టి, నా అద్దం చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను. అప్పట్నుంచి వాళ్ళమ్మ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. మాట్లాడకపోతే పోనీ. ఆ కోపం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఒక మనిషి దగ్గర నేర్చుకున్నది. ఆమెను మీరెవరూ చూసి ఉండరు కాబట్టి మొదటినుంచి చెబుతాను.

మాది మంచాల దగ్గర పల్లె. వాన పడితేనే పంట, లేకపోతే లేదు. బాపుది కొంచెం చెలక, దాని మీదే ఇల్లు. ఇంటర్ దాకా తెలుగులోనే చదివి, ఇబ్రహీంపట్నం చుట్టూ గుట్టల పక్కన లేచిన కాలేజీల్లో ఒకదాంట్లో సీటు తెచ్చుకున్నాను. ఆ కాలేజీ పేరు చెప్పను. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నట్టుండేది, అంతవరకు తెలిస్తే చాలు. రోజూ బస్సులో వెళ్ళేదాన్ని. డ్రాయింగు క్లాసు ఉన్న రోజు చంకలో తలుపు రెక్కంత బోర్డు, వీపు మీద షీట్లు చుట్టి పెట్టిన గొట్టం. ఆ బోర్డు అంచు ఒకరి మోకాలికి తగిలేది, ఇంకొకరి కూరగాయల సంచిలో దిగేది. ఎక్కినప్పట్నుంచి దిగేదాకా అందరికీ సారీ చెబుతూనే ఉండేదాన్ని. కాలేజీలో కూడా అదే పని. గేటు దగ్గర సారీ, క్లాసు గుమ్మంలో సారీ, లెక్చరరు ఇంగ్లీషులో ఏదడిగినా సారీ. నోట్లో నాలుక లేని పిల్ల అని మా ఊళ్ళో మెచ్చుకునేవాళ్ళు. అక్కడ నా నోట్లో ఉన్నదల్లా ఆ ఒక్క మాటే.

నసీమా మేడం మాకు ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెప్పేది. పొట్టిగా, బక్కగా ఉండేది. తలమీద స్కార్ఫు, మోచేతి దాకా సుద్దపొడి. జల్‌పల్లి నుంచి బస్సులు మారి వచ్చేది, ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు. గొంతు మాత్రం ఆ మనిషిలోంచి వస్తుందని నమ్మబుద్ధి కానంత పెద్దది. పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే రకం అని సీనియర్లు ముందే చెప్పారు. ఆమె దిద్దే పద్ధతి వేరు. ఎర్ర పెన్ను ముట్టేది కాదు. షీటు బోర్డు మీదే ఉంచి, ఏదో ఒక గీత మీద వేలు పెట్టి, "ఇది ఎందుకు గీసినవ్?" అనేది. జవాబు చెప్తే వేలు ఇంకో గీత మీదికి పోయేది. మంచిగా కనిపిస్తుందని గీశాను, పుస్తకంలో ఉందని గీశాను అంటే కుదరదు. షీటులో ఎన్ని గీతలుంటే అన్నింటికీ నువ్వే జవాబు చెప్పుకోవాలి.

మొదటిసారి నా గీత మీద ఆమె వేలు పడగానే, "సారీ మేడం" అన్నాను.

"నేనేమడిగిన?" అంది.

"సారీ మేడం."

"పేరేంది నీది?"

"భాగ్య, మేడం. సారీ మేడం."

క్లాసంతా గొల్లుమంది. ఆమె మాత్రం నవ్వలేదు. "నీ పేరు గూడ తప్పేనా ఏంది? సారీతోని గీత జరుగుతదా? ఎందుకు గీసినవో చెప్పు, లేకుంటె తెల్వదని చెప్పు. రెండిట్ల ఒకటి చెప్పేదాంక నిలవడు" అంది. క్లాసు అయ్యేదాకా నిలబడ్డాను. కళ్ళనీళ్ళు షీటు మీద పడకుండా తల పక్కకి తిప్పుకోవడమే సరిపోయింది. ఆ సాయంత్రం బస్సులో ఊరు వచ్చేదాకా ఆమెను మనసులో తిట్టని తిట్టు లేదు. చదువు చెప్పమంటే ప్రాణం తీస్తుందేమిటి, ఇంగ్లీషు మీడియం పిల్లల్ని కూడా ఇలాగే నిలబెడుతుందా అనుకున్నాను. తర్వాత చూస్తే వాళ్ళనీ నిలబెట్టింది. అయినా నా కోపం తగ్గలేదు.

కానీ ఆ సబ్జెక్టు నాకు అర్థమైందంటే ఆమె వల్లనే. పుస్తకం చూస్తే ఒక్క ముక్క తలకెక్కేది కాదు. ఒకరోజు తన టిఫిను డబ్బా తెచ్చి టేబుల్ మీద ఏటవాలుగా నిలబెట్టింది. "ముంగటికెళ్ళి సూస్తె ఎనక అంచు కనవడ్తదా?" అని అడిగింది. కనబడదన్నాం. "కనవడదు గని ఉన్నది. ఉన్నదని మనకు ఎరుకే. అందుకే దాన్ని నిండు గీత గియ్యొద్దు, ముక్కలు ముక్కలుగ గియ్యాలె" అంది. ఆ తర్వాత డబ్బా తెరిచి, మా ముందే నిలబడి అన్నం తినేసింది, ఎందుకంటే అప్పటికి భోజనాల వేళ దాటిపోయింది. ఆ రోజు తర్వాత ఏ వస్తువు చూసినా దాని వెనక అంచు ఎక్కడుంటుందా అని ఆలోచించడం మొదలుపెట్టాను. బస్సులో కూడా.

మొదటి సెమిస్టరు చివర్లో పెద్ద షీటు ఇచ్చింది. అయిదు పలకల పిరమిడ్ ఒక పక్కకి వాలి ఉంటే పైనుంచి ఎలా కనిపిస్తుంది, ముందునుంచి ఎలా కనిపిస్తుంది అని. దానికి చాలా మార్కులు. సెలవు రోజంతా ఇంట్లో కిందే బోర్డు పరుచుకుని గీశాను. అమ్మ కోళ్ళను గదిలోకి రాకుండా తోలుతూ కూర్చుంది. అయిపోయాక చూసుకుంటే నా కళ్ళను నేనే నమ్మలేదు, అంత బాగా వచ్చింది. ఒక్కటే తప్పు. వెనక్కి పోయే ఒక అంచును, డబ్బా పాఠం విని కూడా, నిండు గీత గీసేశాను. అది నాకు అప్పుడు తెలియలేదు.

మర్నాడు హాస్టల్లో ఉండే రమ్య, "ఒక్కసారి సూసిస్తనే" అని షీటు అడిగింది. ఆ కాలేజీలో నాతో మాట్లాడే పిల్ల అదొక్కతే. కాదనడం నాకు చేతకాలేదు. షీటు పోయింది పోయింది, ఇవ్వాల్సిన రోజు పొద్దున గానీ నా చేతికి రాలేదు. ఈలోపు అమ్మాయిల హాస్టల్, అబ్బాయిల హాస్టల్ తిరిగి, ఎన్ని అద్దాలెక్కిందో ఎక్కింది. నా తప్పు గీతతో సహా సగం క్లాసు షీట్లు తయారయ్యాయి.

నసీమా మేడం ఆ కట్టను టేబుల్ మీద పడేసిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. "ఇందరికి ఒక్కటే తప్పు ఎట్లొచ్చింది? ఒక్క తల్లి పిల్లలా మీరంత?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "అసలు షీటు ఎవరిది?" అని అడిగింది. నేను లేచి నిలబడ్డాను. "సారీ మేడం" అన్నాను.

"సారీ అడగలె. ఎవరిదని అడిగిన."

"నాది, మేడం."

"కూసో. తప్పు గీసినవ్, ఒక మార్కు పోతది. మిగిలినోళ్ళు లేవున్రి." వాళ్ళను గంటంతా నిలబెట్టింది. ఒక్కొక్కరి షీటు మీద వేలు పెట్టి, ఇది ఎందుకు గీసినవ్ అని అడిగింది. ఒక్కరూ జవాబు చెప్పలేదు. ఏం చెబుతారు, అద్దం కింద కనిపించిందని చెబుతారా?

అక్కడితో అయిపోవాల్సింది. కానీ నిలబడ్డవాళ్ళలో కొందరి తల్లిదండ్రులు ప్రిన్సిపాల్‌కు ఫోన్లు చేశారు. ఆయనకు నిజం కంటే నెమ్మది ముఖ్యం. షీటు ఒకేలా ఉన్నవాళ్ళంతా, కాపీ కొట్టాం క్షమించండి అని ఒక కాగితం రాసి, షీటు మళ్ళీ గీయాలి, దాంతో విషయం ముగిసిపోతుందన్నాడు. ఆ లెక్కలో నేనూ ఉన్నాను. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు. కాపీ కొట్టినవాళ్ళు నవ్వుకుంటూ రాసిచ్చారు. రమ్య నా భుజం మీద చెయ్యేసి, "రాసి పడెయ్యే, ఒక్క లైనే కదా. నీ సొమ్మేం పోతది?" అంది. నా షీటు తీసుకుపోయి ఊరంతా పంచిన మనిషి, కనీసం ఆ మాట నా ముఖం చూసి అనలేదు. దాని మీద కోపం రావడానికి కూడా నాకు అప్పుడు ధైర్యం లేదు. రాసేద్దామనే అనుకున్నాను. కాగితం కూడా తీశాను.

వరండాలో నసీమా మేడం ఎదురైంది. నా చేతిలో కాగితం చూసింది. "రాస్తున్నవా?" అంది.

"ప్రిన్సిపాల్ సార్ రాయమన్నడు, మేడం."

"రాస్తె రాయి, నీ ఇష్టం. గని రాసినంక ఆ షీటు నాదని ఎక్కడ చెప్పకు. ఇంట్ల గూడ చెప్పకు." అంతే అని వెళ్ళిపోయింది. ఒక మంచి మాట లేదు, నేను చూసుకుంటానని భరోసా లేదు. అక్కడే నిలబడి చాలాసేపు ఏడ్చాను. ఏడుపు అయ్యాక కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని, రాయకుండా బస్సెక్కాను.

కాపీ కొట్టినవాళ్ళ ఇళ్ళకు ఎవరూ కబురు పెట్టలేదు. మా బాపుకు పెట్టారు. నాగలి పని వదిలేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఎవరూ చెప్పకుండానే ప్రిన్సిపాల్ గది బయట చెప్పులు విప్పాడు. లోపల నేనూ, నసీమా మేడం అప్పటికే నిలబడి ఉన్నాం. అన్ని కుర్చీలుండగా ఆయన్ను కూర్చోమన్న పాపాన ఎవరూ పోలేదు. "మీ అమ్మాయి మొండితనం చేస్తోందయ్యా. క్లాసులో అందరూ రాసిచ్చారు. ఈమెకేమిటి ప్రత్యేకం?" అన్నాడు ప్రిన్సిపాల్. నా షీటు నాదేనని నసీమా మేడం పక్కనుంచి చెబితే, "మీరు చూశారా గీస్తుంటే? తెలుగు మీడియం నుంచి వచ్చిన అమ్మాయి, ఈమె కూడా ఎవరిదో చూసే ఉంటుంది" అన్నాడు. నా ఎదురుగానే అన్నాడు, నాకు చెవులు లేనట్టు.

బాపు రెండు చేతులూ జోడించాడు. "తప్పయింది సారూ. పిల్లకు తెల్వక చేసింది. ఈసారికి మాఫ్ చెయ్యున్రి, నేను రాపిస్త."

ఆ జోడించిన చేతులు చూశాక నాలో ఏదో తెగింది. పత్తి ఏరి ఏరి గీరుకుపోయిన చేతులవి. నేను చేయని తప్పుకు ఆయన దండం పెట్టడమేమిటి, ఆయన వంగితే వీళ్ళు హాయిగా కుర్చీలో వెనక్కి వాలి చూడటమేమిటి? అంతకుముందు ఎప్పుడూ నాకు అంత కోపం రాలేదు. "బాపు, నువ్వు ఊకో. దండం వెట్టకు" అన్నాను. ప్రిన్సిపాల్ వైపు తిరిగాను. "షీటు నాది సార్. దాంట్ల ఉన్న తప్పు గూడ నాదే. కాపీ నాది కాదు. నేను రాయను." చెప్పాల్సింది మొత్తం చెప్పాను.

ఆయన నసీమా మేడం వైపు చూశాడు, ఏదో ఒకటి చెప్పి నన్ను దారికి తెమ్మన్నట్టు. "నేను చెప్పేదేమున్నది సార్, ఆ పిల్లనే చెప్పింది" అందామె. గోడ పక్కనున్న కుర్చీని బరబరా లాక్కొచ్చి బాపు వెనక వేసింది. "కూసో అన్నా" అంది. బాపు కూర్చోలేదు.

సినిమా అయితే ఇక్కడ న్యాయం జరిగేది. మా కాలేజీలో, కాగితం రాయలేదని నా ఇంటర్నల్ మార్కులు జరిగాయి, సున్నాకి. పరీక్ష బాగానే రాసినా ఆ సున్నా కలిసేసరికి ఫెయిలయ్యాను. అద్దం మీద గీసినవాళ్ళంతా పాసయ్యారు. రిజల్టు చూసుకుని ఏడ్చుకుంటూ నసీమా మేడం కోసం వెళ్తే, ఆమె కుర్చీలో ఇంకెవరో కూర్చుని ఉన్నారు. ఉద్యోగం మానేసి వెళ్ళిందట. నాకు ఒక్క మాట చెప్పలేదు. ఇంటికొచ్చి చెబితే బాపు బీడీ ముట్టించుకుని, "మేడం మంచిదే బిడ్డా. గని ఆమె కోపానికి నీ మార్కులు వోయినయ్" అన్నాడు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. అవును, ఆమెదేం పోయింది? నన్ను మంటలోకి తోసి తాను గట్టెక్కింది. వరండాలో ఆ రెండు మాటలు అనకపోతే ఆ కాగితం రాసిచ్చి, అందరిలాగా గుంపులో గోవిందా అని బయటపడేదాన్ని.

ఒక ఆదివారం జల్‌పల్లి వెళ్ళాను. చెరువు దగ్గర ఇల్లు అడుక్కుంటూ పట్టుకున్నాను. ఆమె వాకిట్లో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"ఫెయిలయిన, మేడం" అన్నాను.

"ఎరుకే."

"మీ వల్లనే అయిన."

"అవ్" అంది, బియ్యంలోంచి తలెత్తకుండా. "నా మీద కోపమొచ్చిందా?"

"మస్తు వచ్చింది."

"మంచిగున్నది. బోర్డు తెచ్చినవా?"

తేలేదన్నాను. అప్పుడు చేట కింద పెట్టి నా వైపు చూసింది. "గంత కోపమొచ్చినప్పుడు ఉత్త చేతులతోని ఎందుకొచ్చినవ్? సప్లీ ఎవరు రాస్తరు, మీ బాపు రాస్తడా? వచ్చే ఆదివారం బోర్డు తీస్కొనిరా." లోపలికి వెళ్ళి చాయ్ పెట్టుకొచ్చింది. అది తాగేటప్పుడు, ఆమె ఎందుకు మానేసిందో అడిగాను. "నన్ను గూడ రాయమన్నరు. పిల్లలను నిలవెట్టుడు తప్పని, వాళ్ళ తల్లిదండ్రులకు సారీ రాసిమ్మన్నరు" అంది.

"రాసిన్రా?"

"రాస్తె ఇగ మీ గీత మీద వేలు వెట్టనీకి నాకు మొకమేడిది? నౌకరి పోతె ఇంకోటి దొర్కుతది తియ్." అంది గానీ, లోపల్నుంచి వినిపిస్తున్న ఆమె అత్తామామల మాటతీరు చూస్తే ఆమె నౌకరీ పోవడం అంత తేలిగ్గా ఎవరూ తీసుకోలేదని నాకు అర్థమైంది. వంటింట్లోంచి గిన్నెలు కావాలనే చప్పుడు చేస్తున్నాయి. ఆమె ఆ చప్పుడు విననట్టే కూర్చుంది. ఆమెదేం పోయిందని అనుకుంటూ బస్సెక్కి వచ్చినదాన్ని, చాయ్ గ్లాసు కడిగి పెట్టి, వచ్చే ఆదివారం బోర్డు తెస్తానని చెప్పి లేచాను.

సప్లిమెంటరీ పరీక్ష దాకా ప్రతి ఆదివారం ఆ బోర్డు మోసుకుని జల్‌పల్లి వెళ్ళాను. తప్పు గీస్తే అలాగే అరిచేది. ఒకసారి నాకూ విసుగొచ్చి, "గది ఎందుకు గీసిన్నో మీకు తెల్వదా, ఊకె అడుగుతరు" అని ఎదురు తిరిగాను. ఆ రోజు మొదటిసారి నవ్వింది. పరీక్ష పాసయ్యాను. మార్కుల మెమోలో ఆ సబ్జెక్టు పక్కన, మిగతావన్నీ పాసైన తర్వాత ఎప్పుడో పాసైనట్టు ఉంటుంది. ప్రతి ఇంటర్వ్యూలో వేలు అక్కడికే పోతుంది. ఇదెందుకు పోయిందమ్మా అంటారు. కాపీ కొట్టలేదు కాబట్టి పోయిందని చెబుతాను. కొందరు నమ్మరు, అది వాళ్ళిష్టం. నసీమా మేడం ఇప్పుడు తుక్కుగూడ అవతల ఇంకో కాలేజీలో పిల్లల మీద అరుస్తోందని విన్నాను.

ఆమె నాకు గీతలు నేర్పిందని ఎవరికైనా చెబితే తలూపుతారు. కోపం నేర్పిందంటే ముఖం అదోలా పెడతారు. ఆడపిల్లకు అదేం చదువు అన్నట్టు. నేను ఇప్పుడు ఇనుప భాగాలు తయారుచేసే చిన్న కంపెనీలో డ్రాయింగులు చేస్తున్నాను. ప్రతి డ్రాయింగుకు కింద కుడిమూల ఒక గడి ఉంటుంది, గీసినవాళ్ళ పేరు రాయడానికి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వారమంతా కూర్చుని నేను గీసినదాని మీద ఆ గడిలో మా మేనేజరు పేరు కనిపించింది. అప్పటికి నా ఉద్యోగం ఖాయం కూడా కాలేదు. పక్క సీటులో ఉన్నాయన, ఇక్కడ అంతే, పట్టించుకోకు అన్నాడు. నేను ప్రింటు తీసుకుని మేనేజరు దగ్గరికి వెళ్ళాను. భయం ఎక్కడికీ పోలేదు. "సార్, ఇది గీసింది నేను" అన్నాను.

ఆయన ఆ గడి చూశాడు, నన్ను చూశాడు. "ఇంత చిన్న విషయానికి ఇంత కోపమేంటమ్మా?"

"చిన్నదే సార్. మార్చడానికి ఎంతోసేపు పట్టదు."

ఆయన కంప్యూటర్ వైపు తిరిగి ఆ పేరు తీసేసి నా పేరు పెట్టేదాకా, ఆయన టేబుల్ పక్కనే నిలబడ్డాను.